అభ్యంతరాలు ఉంటే చెప్పండి

మా తమ్ముడు ఆ పొలం రైతు కాదని మొదట చెప్పినవాడు మా తమ్ముడే. రైతు కేంద్రం ముందు ఊరంతా కూర్చుని ఉండగా లేచి నిలబడి చెప్పాడు. తుఫాను సాయం జాబితాలో తన పేరు తప్పుగా పడిందని, ఆ చేను చేస్తున్నది తాను కాదని, పేరు తీసెయ్యమని. పెళ్ళైన ఏడాది నుంచి ఆ చేను చేస్తున్నది వాడే. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ సంగతి తెలియని మనిషి లేడు.

వాడు పోయి ఏడాది కావస్తోంది. వాడు రైతు అనే మాట ప్రభుత్వం దగ్గర ఇప్పుడు ఎక్కడా లేదు. ఊళ్ళో కూడా ఎవరూ పైకి అనరు. ఆ మాట ఎట్లా పోయిందో నాకు తెలిసిన మేరకు రాస్తాను.

నేను ఆత్మకూరులో ఉంటాను. అక్కడి గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఊరు ఉదయగిరి రోడ్డు మీద, బస్సు దిగి కొంత నడవాలి. మేమిద్దరం పుట్టిందీ అక్కడే. మాకు సొంత భూమి ఎప్పుడూ లేదు. నాయన జీవితమంతా కూలికే పోయాడు. మా ఇంట్లో సేద్యం అనే పని చేసిన మొదటి మనిషి తమ్ముడు. అది కౌలు సేద్యమే అయినా నాయనకు అది చిన్న విషయం కాదు. నడవడం కష్టమైన రోజుల్లో కూడా కర్ర పట్టుకుని ఆ గట్టు దాకా పోయి కూర్చునేవాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, "మావోడి చేను చూస్తా ఉండాను" అనేవాడు.

పొలం సొంతదారుని మా వైపు ఆసామి అంటారు. ఈ ఆసామిది ఆత్మకూరు. బజారులో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో పొలాలున్నాయి, అన్నీ కౌలుకే ఇస్తాడు. కాగితం ఉండదు. కౌలు రైతుకు ప్రభుత్వం కార్డు ఇస్తుంది, కానీ దానికి ఆసామి సంతకం కావాలి. మా వైపు ఆసామిని సంతకం అడగడమంటే నిన్ను నమ్మనని మొహాన చెప్పడమే.

కాగితం బదులు ఒక పద్ధతి ఉంది. ఏటా కోతలు అయిపోయాక తమ్ముడు అంగడికి పోయి ఒక పక్కన నిలబడేవాడు. ఆసామి గిరాకీ చూసుకుంటూనే, వేరే మాటల మధ్యలో, "విత్తనాలు ఎప్పుడు తీసకపోతావు అబ్బయ్యా?" అని అడిగేవాడు. అడిగాడంటే వచ్చే పంటకు కూడా చేను నీదే అని అర్థం. అడగకపోతే లేదని. "నీకు ఇయ్యను" అని ఆయన ఎవరితోనైనా అన్నట్టు నేను వినలేదు. అనే అవసరం రాదు. ఆ మనిషి ఇంకో రెండుసార్లు వచ్చి నిలబడి, తనే అర్థం చేసుకుని పోతాడు. ఒకసారి తమ్ముడితో పాటు నేనూ అంగడికి వెళ్ళాను. ఆ ప్రశ్న వచ్చేదాకా వాడు గోడకున్న పురుగుమందుల పోస్టరునే చూస్తూ నిలబడ్డాడు. వచ్చాక ఒక్కసారి భుజాలు దించుకున్నాడు.

ఆసామి చెడ్డవాడు కాదు. నాయనకు జబ్బు చేసినప్పుడు తన కారు పంపి నెల్లూరు ఆసుపత్రికి చేర్పించాడు. ఒక ఏడు వానలు పడక మేము కౌలు ఇవ్వలేకపోతే నోరెత్తి అడగలేదు. ఇది చెప్పకపోతే మిగతాది అబద్ధం అవుతుంది.

తుఫాను మాకు గాలిగా కాక నీళ్ళుగా వచ్చింది. సంగం వైపు చెట్లు పడ్డాయని విన్నాం. తమ్ముడి ఊళ్ళో చెరువు నిండి కలుజు పారింది. మిగులు నీళ్ళు పోయే ఆ కలుజు కిందే వాడి చేను. నాట్లు వేసి నెల కాలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా దిగినప్పుడు పోయి చూస్తే పైరు లేదు. ఒక మడి చెక్కంతా ఇసుక మేట వేసింది.

రైతు కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలుగా ఆ ఏడే ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. గోదావరి వైపు పిల్ల. అంతకు ముందున్న అతను కుర్చీలో కూర్చునే నష్టం రాసుకునేవాడు. పట్టా పుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్ళ పేరు రాసేవాడు. సాయం ఆసామి ఖాతాలో పడేది. ఆసామి అందులో కొంత కౌలుదారు చేతిలో పెట్టేవాడు, లేదంటే కౌలులో తగ్గించేవాడు. అది రూలు కాదు, కానీ ఊరు దానికి అలవాటు పడింది. ఈ అమ్మాయి మాత్రం చెప్పులు చేత పట్టుకుని చేలల్లోకి నడిచింది. మా తమ్ముడు నీళ్ళలో నిలబడి తేలుతున్న నారు ఏరుతుంటే ఫోటో తీసింది.

"ఈ చేను ఎవరు చేస్తున్నారండీ?" అని అడిగిందట.

"నేనే చేస్తా ఉండానమ్మా," అన్నాడట వాడు.

తరువాత ఎన్నిసార్లు అడిగినా వాడు దీనికి వేరే కారణం చెప్పలేకపోయాడు. "అడిగింది, చెప్పినాను," అనేవాడు.

కొద్ది రోజులకు జాబితా రైతు కేంద్రం గోడ మీద అతికించారు. పేరు, సర్వే నంబరు, పైరు, పోయిన విస్తీర్ణం. చివర, అభ్యంతరాలు ఉంటే ఫలానా రోజు సభలో చెప్పాలని. ఆ నియమం మంచిది. ఇప్పటికీ అదే అంటాను. అంతకు ముందు ఎవరికి ఎంత వచ్చిందో ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తప్ప తెలిసేది కాదు. చేను లేనివాళ్ళకు వచ్చేది, ఉన్నవాళ్ళకు వచ్చేది కాదు. గోడ మీద పెడితే అందరూ చూస్తారు, చూసినవాళ్ళు అడుగుతారు. అట్లా అనుకునే ఆ నియమం పెట్టి ఉంటారు.

తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, గోడ మీద నా పేరు పడిండాది," అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఎంతో, భయం ఎంతో నాకు తెలియలేదు. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను.

గోడ దగ్గర పదిమంది దాకా ఉన్నారు. తలా ఒక వేలు పెట్టి చదువుతున్నారు. తమ్ముణ్ణి చూడగానే వరసకు అల్లుడయ్యే ఒకతను మొదలుపెట్టాడు.

"ఏంది మామా, ఆసామివైపోయినావే. ఇంక టీలు నువ్వే పొయ్యాల మాకు."

"పోస్తాలేరా. నీకు ముందు పోస్తా," అన్నాడు తమ్ముడు.

"ఒట్టి టీ ఏంది, బిరియానీ పెట్టాల."

అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. "ఆత్మకూరులో ఆయన చూడనీ. అప్పుడు తిందురులే బిరియానీ," అన్నాడు.

ఆ మాటతో నవ్వులు ఆగాయి. ఒకతను జేబులోంచి ఫోను తీసి గోడను ఫోటో తీస్తున్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికే అక్కా, దాపెట్టుకుందామని," అన్నాడు. ఆ పొద్దు గడవక ముందే ఆ ఫోటో ఆత్మకూరు బజారుకు చేరింది. ఎవరు పంపారో కనుక్కోవడానికి తమ్ముడు ప్రయత్నించలేదు. కనుక్కుంటే ఆ మనిషితో మాట్లాడటం మానెయ్యాల్సి వస్తుందన్నాడు.

పంట పోయింది కాబట్టి మళ్ళీ విత్తనం వెయ్యాలి. కాబట్టి అంగడిలో ఆ ప్రశ్న అప్పుడే రావాలి. తమ్ముడు వెళ్ళాడు. అక్కణ్ణించి నేరుగా మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అన్నం పెడితే చెయ్యి పెట్టలేదు.

"అడగలా అక్కా."

"మరి ఏం మాట్లాడినాడు?"

"వానల గురించి మాట్లాడినాడు. టీ తెప్పించినాడు."

"టీ తెప్పించినాడంటే కోపం లేనట్టే గదరా."

"కోపమొస్తే తిడతాడు. తిడితే బాగుండు. ఎప్పుడూ టీ తెప్పించలా నాకు. ఇయ్యాల తెప్పించినాడు."

నాకు తెలిసింది చెప్పాను. జాబితాలో పేరు పడినంత మాత్రాన ఎవరి భూమీ ఎవరికీ పోదని, చట్టం ఆ సంగతి స్పష్టంగానే చెప్పిందని, సాయం సేద్యం చేసినవాడికే ఇవ్వాలని ప్రభుత్వమే అంటోందని. పేపర్లలో వచ్చినవి కత్తిరించి పెట్టుకున్నాను, అవి చూపించాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు చదివింది నిజమే అక్కా. ఆ రూలు రేపొచ్చి నాకు చేను ఇస్తాదా?"

"ఇవ్వదు."

"ఆయన ఇస్తాడు. ఆయన భయపడినాడు. ఆయన కొడుకులు ఇంకా భయపడినారు. అంగట్లో వాళ్ళ మొహాలు చూసినాను. పేరు గోడెక్కినాక ఈడు రేపు చేను నాదే అంటాడేమో అని."

"నువ్వు అట్లా అనవని ఆయనకు తెలీదా?"

"తెలుసు. తెలిసీ భయపడినాడు."

ఆ తరువాత వాడు రెండోసారి అంగడికి వెళ్ళాడు. మళ్ళీ టీ. మూడోసారి వెళ్ళడానికి వాడికి ధైర్యం చాలలేదు. మూడోసారి కూడా ప్రశ్న రాకపోతే ఇక మళ్ళీ వెళ్ళే వీలుండదు.

సభ రోజు నేను వెళ్ళాను. వాడు ఏం చెయ్యబోతున్నాడో మరదలికి తెలుసు. నాకు చెప్పలేదు. రైతు కేంద్రం ముందు కూర్చోవడానికి పట్టాలు పరిచారు. ఆడవాళ్ళం ఒక పక్క కూర్చున్నాం. ఆ అమ్మాయి ఒక్కో పేరు చదివి, "అభ్యంతరం ఉందా అండీ?" అని అడిగేది. ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇంటి దగ్గర, టీ అంగడి దగ్గర ఒకరి మీద ఒకరికి బోలెడు అభ్యంతరాలున్నాయి. మొహం మీద మొహం పెట్టి చెప్పడం మా ఊరికి చేత కాదు. ఆ అమ్మాయి మౌనాన్ని అంగీకారంగా రాసుకుంటూ పోయింది.

తమ్ముడి పేరు చదివింది. అభ్యంతరం ఉందా అని అడిగింది. తమ్ముడు లేచాడు.

"ఉండాదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. "ఎవరి పేరు మీద అండీ?"

"నా పేరు మీదనే. ఆ చేను నేను చెయ్యడం లా. తప్పు పడిండాది. తీసెయ్యి."

"నేనే ఫోటో తీశానండీ. నీళ్ళలో ఉన్నది మీరే కదండీ."

"కూలికి పోయినానమ్మా ఆ రోజు."

"మరి రైతు ఎవరండీ?"

"ఆసామే."

వెనకనుంచి ఒకతను, "పెళ్ళాం ఎవురని అడిగినా ఇట్నే చెప్పేట్టుండావే మామా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆడవాళ్ళూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో లేదో కనిపించలేదు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. జనం వైపు చూసి, "ఇది నిజమేనా అండీ?" అని అడిగింది. నవ్వు ఆగిపోయింది. ఆమె కాసేపు చూసింది, తరువాత రాసుకుంది. రాసింది పద్ధతి ప్రకారం చదివి వినిపించింది. సదరు వ్యక్తి తాను ఆ భూమి సాగు చేయడం లేదని సభలో స్వయంగా తెలిపినందున పేరు తొలగించడమైనది. తమ్ముడు వేలిముద్ర వేశాడు. వాడికి సంతకం వచ్చు. ఆ రోజు ఎందుకు వేలిముద్ర వేశాడో నేను అడగలేదు.

మర్నాడే ఆత్మకూరు నుంచి కబురు వచ్చింది. అంగడికి పోతే ఆసామి అందరి ముందే, "ఏందబ్బయ్యా, విత్తనాలు ఎప్పుడు తీసకపోతావు?" అన్నాడట. సాయం ఆయన ఖాతాలో పడ్డాక పాత పద్ధతిలోనే కొంత తమ్ముడికి ఇచ్చాడు. అందరికీ అంతా సర్దుకున్నట్టే అనిపించింది. నాకూ అట్లాగే అనిపించింది.

కానీ ఆ సభలో అన్న మాట అక్కడితో ఆగలేదు. రైతు కేంద్రంలో యూరియా సాగుదారుల పేర్ల ప్రకారం ఇస్తారు. తమ్ముడి పేరు లేదు. ఆసామి వేలిముద్ర కావాలి. యూరియా బస్తా కోసం ఆయన్ని ఆత్మకూరు నుంచి రమ్మనడం ఎట్లా? అంగడిలోనే కొనుక్కున్నాడు. లైనులో నిలబడ్డవాళ్ళు, "నీకెందుకు మామా యూరియా, కూలోడివి గదా," అని ఎగతాళి చేసేవాళ్ళు. వాళ్ళకు వాడి మీద కోపం లేదు. అది ఊళ్ళో ఒక హాస్యం అయిపోయింది, అంతే. ఆ హాస్యానికి వాడు ప్రతిసారీ నవ్వేవాడు. నవ్వకపోతే ఆ మాటకు బాధపడినట్టు అవుతుంది. బాధపడితే సభలో చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టు అవుతుంది.

చేలో బోరు ఉంది. మోటారు స్టార్టరు పెట్టె తుఫానుకు దెబ్బతింది. మూత ఊడిపోయింది, లోపలి తీగ ఒకటి పైకి వచ్చింది. తమ్ముడు లైన్‌మన్‌ను అడిగాడు. కనెక్షను ఆసామి పేరున ఉంది కాబట్టి ఆయనే వచ్చి చెప్పాలన్నాడు లైన్‌మన్. అది కూడా న్యాయమే. ఆ సభకు ముందైతే తమ్ముడు ఒక్క ఫోను చేసి ఉండేవాడు. అంతకు ముందు చిన్నా పెద్దా ఎన్నో అడిగాడు, ఆసామి చేయించాడు కూడా. సభ తరువాత వాడు ఆయన్ని ఏదీ అడగలేదు. స్టార్టరు అడిగితే చేను మీద అధికారం చూపిస్తున్నాడనుకుంటాడేమోనని. ఇది మరదలు తరువాత చెప్పింది. సైకిలు ట్యూబు ముక్క కోసి పెట్టె చుట్టూ కట్టాడు. పొడి కర్రతో హ్యాండిలు కొట్టేవాడు.

నేను ఒకసారి చూశాను. "ఆయనకు చెప్పరా," అన్నాను.

"చెప్తాలే అక్కా. ఈ పంట అయిపోనీ."

ఆ పంట కోతకు వచ్చే ముందు, రాత్రి వాన పడి తెల్లవారిన ఒక పొద్దున, మోటారు వెయ్యడానికి పోయినవాడు ఎంతసేపటికీ రాలేదు. పక్క చేనాయన చూశాడు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు పడుకోబెట్టారు. కుడి అరచేయి నల్లగా ఉంది. దాని మీద ఎవరో తువ్వాలు కప్పారు.

ఆసామి నా కంటే ముందే వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే. అన్ని ఖర్చులూ ఆయనే చూసుకున్నాడు. పెద్దకర్మ రోజు భోజనాలు అయ్యాక మరదలు గుమ్మం పక్కన నిలబడి ఉంటే, వెళ్ళబోతూ ఆగాడు.

"విత్తనాలు ఎప్పుడు తీసకపోతావమ్మా?" అని అడిగాడు.

మరదలు తల ఊపింది. అక్కడున్నవాళ్ళంతా ఆయన ఎంత మంచివాడో అని అనుకున్నారు. పైకి అన్నారు కూడా. మగదిక్కు లేని ఇంటికి చేను వదిలిపెట్టడం నిజంగానే చాలామంది చెయ్యని పని. ఇంటర్ చదివే కూతురుంది. చేను ఉంటే తిండికీ పిల్ల చదువుకూ జరుగుతుంది. నేనూ చేతులు జోడించాను. అప్పుడే ఎందుకు అడిగాడు, అందరూ ఉండగా ఎందుకు అడిగాడు అనే ఆలోచన నాకు అప్పటికి రాలేదు.

రైతు పొలం పనిలో చనిపోతే కుటుంబానికి ప్రభుత్వం ఆపత్కాల సాయం ఇస్తుంది. ఆ అమ్మాయే మరదలి చేత దరఖాస్తు పెట్టించింది. విచారణకు మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. విచారణ కూడా అందరి ముందే జరగాలట, చాటుగా కాదు. చేను గట్టు మీద జరిగింది. ఆసామి రాలేదు, పెద్దకొడుకును పంపాడు. అతను కారు దగ్గరే నిలబడ్డాడు. ఊరివాళ్ళు చాలామంది వచ్చారు.

అధికారి మర్యాదస్థుడు. చనిపోయిన మనిషి గురించి మాట్లాడుతున్నానని గుర్తుంచుకుని మాట్లాడాడు. తుఫాను సమయంలో సభలో రాసింది చేతిలో ఉంది. అది చదివాడు. "ఇందులో సాగు చెయ్యడం లేదని ఆయనే చెప్పాడు. కానీ మనిషి ఇక్కడ చనిపోయాడు. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా. ఈ చేను ఎవరు చేస్తుండేది?" అన్నాడు.

పక్క చేనాయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. టీలు పొయ్యమని అడిగిన అల్లుడి వరస అతను చెరువు వైపు చూశాడు. అందరికీ ఆసాములున్నారు. చాలామందికి అదే ఆసామి.

నేను చెప్పాను. "మా తమ్ముడే చేశాడు. పెళ్ళైన ఏడాది నుంచి వాడే చేస్తున్నాడు. కౌలుకు. ఆ రోజు సభలో అబద్ధం చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఇక్కడ అందరికీ తెలుసు."

అధికారి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి నా వైపు చూసి, ఎవరో ఒకరు చెప్పారన్నట్టు ఊపిరి వదిలింది.

అప్పుడు మరదలు ముందుకు వచ్చింది.

"మా వదిన ఆత్మకూరులో ఉంటాది అయ్యా. ఆమెకు ఇక్కడి సంగతి తెలీదు. తమ్ముడంటే ప్రేమ, అందుకని అంటా ఉండాది. ఆయన కూలికి వచ్చినాడు ఆ పొద్దు. మోటారు వెయ్యమంటే వేసినాడు."

"ఎవరు వెయ్యమన్నారమ్మా?"

"ఎవురో. నాకు తెలీదు. కూలికి పిలిస్తే వచ్చినాడు."

"అమ్మా, మీరు ఇట్లా చెప్తే సాయం రాదు. అర్థమైందా?"

"అర్థమైంది అయ్యా."

ఆమె ఏడవలేదు. ముందే అనుకుని వచ్చినట్టు ఒక్కో మాటా విడిగా చెప్పింది. కారు దగ్గర నిలబడిన ఆసామి కొడుకు అప్పుడు ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుని అటు తిరిగాడు.

భార్య మాటనే అధికారి తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు? భర్త మాటా భార్య మాటా ఒకటిగా ఉన్నాయి. వేరే ఊళ్ళో ఉండే అక్క మాట ఒక్కటే వేరుగా ఉంది. రాసింది చదివి వినిపించాడు. అభ్యంతరాలు ఉన్నాయా అని అడిగాడు. ఎవరికీ లేవు. నాకు ఉంది. కానీ మరదలు నా చెయ్యి పట్టుకుని ఉంది. గట్టిగా పట్టుకుంది.

జనం వెళ్ళిపోయాక ఆమె నాతో బస్సు దాకా వచ్చింది. పడమర కొండ మీద మబ్బు దిగి ఉంది. మాట్లాడితే ఇద్దరిలో ఎవరో ఒకరం తప్పు అవుతామని నాకు భయం.

"సాయం ఒకసారి ఇస్తారు వదినా," అంది చివరికి. "చేను ఏటేటా ఉంటాది."

"నీ పేరు మీద ఉండదు గదా."

"ఎవురి పేరు మీద ఉండాది మన వైపు?"

స్టార్టరు బాగు చేయించారా అని అడిగాను. చూస్తామన్నారని చెప్పింది. ఎవరు చూస్తామన్నారో చెప్పలేదు. మోటారు ఎవరు వేస్తున్నారని అడిగాను. "నేనే," అంది.

బస్సు స్టాపు దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"వదినా, ఒక మాట చెప్తాను, కోపం పెట్టుకోబాకు. కొన్నాళ్ళు నువ్వు ఊరికి రాబాకు."

నేను ఆమె వైపు తిరిగాను.

"ఏడాది తిరిగినాక ఏడూడికి కూడా రాబాకు. ఆసామోళ్ళు వస్తారు. నువ్వు ఉంటే మళ్ళీ ఆ మాట అంటావు. అనకపోయినా అంటావేమో అని వాళ్ళకు ఉంటాది. నువ్వు నీ ఇంట్లో చేసుకో."

"వాడు నా తమ్ముడు."

"తెలుసు వదినా. పిల్లకు కూడా చెప్పినాను. ఎవురన్నా అడిగితే, మా నాయన కూలికి పోయి చచ్చిపోయినాడని చెప్పమన్నాను. నీ దగ్గర ఉంటే అది ఇంకోరకంగా చెప్తాది. అందుకని సెలవులకు అక్కడికి పంపను."

ఉదయగిరి నుంచి వచ్చే బస్సు మలుపు తిరిగింది. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది, నా కోసం. ఎక్కాను. సీటులో కూర్చుని చూసేసరికి ఆమె అప్పటికే చేను దారి పట్టింది. నీళ్ళు కట్టే వేళయింది.

ఏడూడు వచ్చే నెల. పిల్ల ఒకసారి ఫోను చేసింది, చదువు గురించి మాట్లాడింది, నాయన గురించి మాట్లాడలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఏం వండాలో, వాడికి ఏమేం ఇష్టమో అనుకుంటున్నాను. ఆత్మకూరులోనే ఉంటాను. రానని మరదలికి మాట ఇచ్చాను.